చరిత్ర నవలకు కాస్త భయం కావాలి

పోయిన చలికాలంలో మా అమ్మాయి లైబ్రరీ నుంచి ఇటుకంత లావు పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "అమ్మా, ఇది మాత్రం రాత్రిపూట చదవకు" అంది. జపాన్ కామిక్స్ చిత్రకారుడు జుంజి ఇటో గీసిన 'ఉజుమాకి' అది. 1998లో ఒక వారపత్రికలో సీరియల్‌గా మొదలైన కథ. ఇప్పుడు 600 పేజీలు దాటిన ఒకే పుస్తకంగా దొరుకుతోంది. పగలు తీరిక ఎక్కడిది, రాత్రే చదివాను.

ఒక చిన్న ఊరికి సుడి పట్టుకుంటుంది. దెయ్యమూ కాదు, హంతకుడూ కాదు, ఉత్త సుడి ఆకారం. మొదట ఒక పెద్దాయన గోడ దగ్గర కూర్చుని నత్తగుల్లని కన్నార్పకుండా చూస్తూ ఉంటాడు. ఆ పిచ్చితోనే ఆయన పోతాడు. తర్వాత ఆయన భార్యకి సుడి అంటే ఎంత భయం పట్టుకుంటుందంటే, వేలిముద్రల్లో సుడులున్నాయని వేళ్ళ కొసలు కోసేసుకుంటుంది. మనిషి చెవి లోపల కూడా ఒక సుడి ఉంటుంది. ఆ సంగతి తల్లికి తెలియకూడదని కొడుకు పడే తాపత్రయం దగ్గర నేను పుస్తకం మూసి, లేచి, వంటింట్లో లైటు వేసుకుని మంచినీళ్ళు తాగాను.

అక్కడ నన్ను భయపెట్టింది రక్తం కాదు, ఆవిడకి ఎక్కడ తెలిసిపోతుందోనన్న టెన్షన్. జపాన్ కామిక్స్‌ని కుడి నుంచి ఎడమకి చదవాలి. ఎడమ పేజీ అడుగున చివరి గడిలో ఒక మొహం దేన్నో చూసి బిగుసుకుపోతుంది. ఏం చూసిందో మనకి కనిపించదు. పేజీ తిప్పితే అది పేజీ నిండా ఉంటుంది. సినిమాలో అయితే భయం దానంతటది వచ్చి మీద పడుతుంది. ఇక్కడ పేజీ తిప్పే చెయ్యి మనదే. ఇటో ఈ రంగంలోకి రాకముందు కట్టుడు పళ్ళు చేసే టెక్నీషియన్‌గా పనిచేశాడట. ఆ వెంట్రుకవాసి గీతలు చూస్తే నమ్మబుద్ధి అవుతుంది.

దాని వెంటనే హిలరీ మాంటెల్ రాసిన 'వూల్ఫ్ హాల్' పట్టుకున్నాను. 2009లో బుకర్ బహుమతి అందుకున్న నవల, ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా ఎదిగిన థామస్ క్రాంవెల్ కథ. మొదటి పేజీలోనే తండ్రి తన్నిన తన్నులకి కుర్రవాడు రాళ్ళ మీద పడి ఉంటాడు. వాడి కంటికి ఆనుకుని తండ్రి బూటు. దాని కుట్టు ఊడి, పైకి లేచిన దారం ముడి కనుబొమకి తగిలి చర్మం చీరుకుపోతుంది. నాకైతే అది అచ్చం కామిక్స్‌లో గడిలాగే కనిపించింది. 1540లో ఇతని తల తెగుతుందని చరిత్ర చదివిన వాళ్ళందరికీ తెలుసు. అతనికి తెలియదు. అంతా వర్తమాన కాలంలో రాయడంతో, రాజుగారి మొహంలో ఏ చిన్న మార్పు వచ్చినా మన గుండె ఆగినంత పని అవుతుంది.

మన చరిత్ర నవలల్లో నాకు దొరకనిది ఇదే. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' అంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు అందులోని ఓరుగల్లు కోటలో తిరిగినంతగా మా ఊళ్ళో కూడా తిరగలేదు. కానీ ఈమధ్య మళ్ళీ చదివితే, అందులో వాళ్ళు గెలుపు ముందే ఖాయమైనట్టు నడుస్తున్నారు అనిపించింది. రేపు ఏమవుతుందో తెలియని మనుషుల్లా వాళ్ళు నాకు కనిపించలేదు. మన వాళ్ళు చరిత్ర నవలని గర్వం కోసం రాశారు. ఆ రోజుల్లో ఆ గర్వం అవసరమే, కాదనను. ఇప్పుడు మాత్రం భయం కూడా రాయాలని నా గట్టి అభిప్రాయం.

అందుకు కావలసిన సరుకు మన దగ్గరే ఉంది. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరారని, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడని ఉంటుంది. ఎలా పోయారో చెప్పదు. ఆమె మీద తిరగబడ్డ సామంతుడు, కాయస్థ వంశపు అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే అని చరిత్రకారులు అనుకుంటారు. రాణీ, సేనానీ ఇద్దరి పేర్లూ ఒకే రాతి మీద. అంతకుముందు రాత్రి ఆ గుడారంలో ఏం మాట్లాడుకున్నారు? కాపలావాడికి ఏం వినిపించింది? ఈ నవల నేను చదవాలి.

బొమ్మలతో అయితే ఇంకా మేలు. చందమామలో శంకర్ గీసిన బొమ్మ, కత్తి పట్టి భుజాన శవంతో నడిచే విక్రమార్కుడు, మా తరం వాళ్ళని ఎన్ని రాత్రులు దుప్పటి ముసుగు తీయనివ్వలేదు! ఆ చెయ్యి తిరిగిన వాళ్ళు మనలో లేకపోలేదు. మన పిల్లల్లో బొమ్మలు వేసేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకి రుద్రమని పండగ స్టేజీ మీద పట్టుచీరలోనే చూపిస్తున్నాం.

శాసనం సంగతి మా అమ్మాయికి చెప్పాను. "అయితే ఆవిడ పోయినప్పుడు ఎవరూ చూడలేదా?" అంది. పడుకోబోయే ముందు దాని బల్ల మీద ఒక కాగితం కనిపించింది. పెన్సిల్‌తో ఆరు గడులు. గుడారం, దీపం, ముడతలు పడ్డ ఒక చెయ్యి, కత్తి పిడి. ఐదో గడిలో తెర కింద నుంచి రెండు పాదాలు. ఆరోది ఇంకా ఖాళీగానే ఉంది.