పేరు చెప్పను గానీ, ప్రార్థన చేయండి

క్రైస్తవ సంఘాల్లో చాడీలు ఎక్కువని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మనవి చాడీలు కావండీ, ప్రార్థన అంశాలు. మొదట ‘భారంతో చెప్తున్నా బ్రదర్’ అని ఒక నిట్టూర్పు, చివర ‘ఇది మన మధ్యే ఉండాలి’ అని ఒక ఒట్టు, మధ్యలో ఏం పెట్టినా పరిశుద్ధమే.

బైబిల్ వాక్యాన్ని కూడా మనం మీరట్లేదు. కొండెములాడుతూ ఇంటింటికీ తిరగకూడదని లేవీయకాండం 19:16లో ఉంది. మనం ఎక్కడ తిరుగుతున్నాం? మల్కాజ్‌గిరి నుంచి బోయిన్‌పల్లి దాకా ఆ ట్రాఫిక్‌లో ఎవరు పోతారు, చేతిలో వాట్సాప్ ఉండగా. ఇక మత్తయి 18లో సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా అతనితోనే మాట్లాడు, వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని వరస ఉంది. మేం మూడు మెట్లూ ఎక్కుతాం, కాకపోతే పైనుంచి మొదలుపెడతాం. ముందు సంఘం, తర్వాత ఒకరిద్దరు. అతని దాకా వచ్చేసరికి టైం అయిపోయి ఆశీర్వాదం ఇచ్చేస్తారు.

మా కొయర్‌లో పాడే ఒకమ్మాయి వరసగా రెండు ఆదివారాలు రాలేదు. ఆ వారంలోనే రాత్రి పదకొండున్నరకి మెట్టుగూడ మెట్రో స్టేషన్ కింద ఎవరిదో బండి దిగుతుంటే ఒక సిస్టర్ గారు చూశారు. (ఆ టైంకి ఆవిడకి అక్కడేం పని అని ఎవరూ అడగలేదు, అడిగితే అది చాడీ అవుతుంది కదా.) శుక్రవారం ఉపవాస ప్రార్థనలో బండివాడు అవిశ్వాసి అయ్యాడు, మంగళవారం గృహకూటానికల్లా రిజిస్టర్ మ్యారేజీ కూడా అయిపోయింది, పాపం పిల్ల నిద్రపోతుండగానే. కాజీపేట నుంచి వచ్చిన సంబంధం వాళ్లు ‘ప్రభువు నడిపింపు లేదండీ’ అని ఫోన్ పెట్టేశారు.

జరిగింది ఇంతే: ఆఫీసులో ఆదివారాలు షిఫ్టు వేశారు, ఆ రాత్రి ఆఖరి మెట్రో దాటిపోతే బైక్ ట్యాక్సీ ఎక్కింది. వాళ్లమ్మ చర్చి గేటు దగ్గర నన్ను ఆపి, నేను అడక్కుండానే ఫోన్ తెరిచి రసీదు చూపించింది. ఎక్కిన టైం, దిగిన టైం, 183 రూపాయలు. స్క్రీన్ మీద పగులు ఉంటే వేలితో పక్కకి జరిపి మరీ చూపించింది. ‘నువ్వైనా చూడు బాబూ’ అంది. చూశాను. ఆ శుక్రవారం ‘ఆమేన్’ గట్టిగా అన్నవాళ్లలో నేనూ ఉన్నానని మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లోంచి ఎవరూ రావట్లేదు. పాస్టర్ అయ్యగారు కనుక్కుంటామన్నారు, పెద్దలు చూద్దామన్నారు. సిస్టర్ గారు మాత్రం వాళ్లని మరచిపోలేదు. మొన్న శుక్రవారం కళ్లు తుడుచుకుంటూ లేచి, ‘ఆత్మీయంగా చల్లారిపోయిన ఒక కుటుంబం కోసం ప్రార్థన చేయాలి. పేరు చెప్పను గానీ, కొయర్‌లో రెండో వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది చూడండి, వాళ్లే’ అన్నారు.