బంగారు పూత బ్రిడ్జి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నా ఎలక్ట్రిక్ గిటారు మీద ఆరు తీగలనూ మోసే లోహపు కమ్మీ అయిన బంగారు పూత బ్రిడ్జి గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి మనసొప్పడం లేదు. నేను క్షేమంగానే ఉన్నాను, పూత చెరిగిపోయి తమరే లేరు. తమ స్థానంలో కూర్చోబెట్టడానికి విదేశం నుంచి తెప్పించిన కొత్త బ్రిడ్జి, ఆరు వారాల ఎదురుచూపుల తరువాత, కస్టమ్స్ సుంకం కూడా కట్టించుకుని ఈ మధ్యాహ్నం ఇల్లు చేరింది. తీగలన్నీ వదులు చేసి, తమరిని పైకి లేపి, కొత్తవారిని దించబోతే దిగలేదు. తమరు నిలబడే రెండు మరమేకుల, అదే పోస్టుల, మధ్య దూరం, సుమారు 74 మిల్లీమీటర్లు, సరిగ్గానే ఉంది. రంధ్రాలే సన్నం. తమవి నాష్‌విల్ రకపు లావు పోస్టులట, వచ్చినవారు ఏబీఆర్-1 శాఖట. ఇద్దరిదీ ట్యూన్-ఓ-మాటిక్ అనే ఒకే ఇంటిపేరు కనుక, గోత్రం అడగకుండా సంబంధం ఖాయం చేసుకున్న తప్పు నాదే.

తమరు క్రోమ్ పూతతో పుట్టి ఉంటే ఇన్ని పాట్లు ఉండేవి కావు. బంగారు రంగు కావాలనేసరికి మా ఊరి దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, "వెండి రంగుది వేసుకోండి సార్, సౌండు అదే" అన్నాడు. ఆ మాట నిజమని నాకూ తెలుసు కాబట్టే మరింత గుచ్చుకుంది. పోనీ బంగారు రంగు దొరికినా ఒకరి పసుపు ఒకరికి కలవదు: తీగలు బిగించే నా ట్యూనర్లది నిమ్మపండు ఛాయ, తీగల మోతను అందుకునే పికప్‌ల మూతలది రాగి ఛాయ, ఇప్పుడు వచ్చిన వారిది ఈ రెండూ కాదు.

అసలు బాధకు వస్తాను. నేను తమరిని కొట్టలేదు, గీరలేదు. చేయి ఆనించాను, అంతే. పామ్ మ్యూట్ అంటే కుడి అరచేతి అంచును తీగలు బ్రిడ్జిని దాటే చోట ఆనించి, మోతను అణచి వాయించడం. అది మరెక్కడా కుదరదు. అంటే, గిటారు మొత్తంలో చేయి తప్పనిసరిగా పడే చోటును ఏరి కోరి ఎంచుకుని, చేయి పడితే చెరిగిపోయే పొరను అక్కడ పూశారన్నమాట. నలుగురూ నడిచే దారిలో ముగ్గు పెట్టి, తొక్కినవాడిని తిట్టినట్టుంది ఈ వ్యవహారం.

బంగారానికి తుప్పు లేదని చిన్నప్పటి నుంచి విన్నాను. అది మేలిమి బంగారం మాట. తమ ఒంటి మీద ఉన్నది బహుశా ఒక మైక్రాన్ మందం కూడా లేని పొర, దాని కింద నికెల్, ఆ కింద జింకు మిశ్రమం. బంగారం మెత్తనిది కనుక రాపిడికి అరుగుతుంది, పొరలోని కంటికి ఆనని రంధ్రాల గుండా చెమటలోని ఉప్పు లోపలికి దిగి అడుగు లోహాన్ని తింటుంది. నేనుండేది విశాఖపట్నంలో. ఇక్కడ నాకు చెమట పట్టని రోజున కూడా సముద్రం ఆ లోటు తీరుస్తుంది.

మొదటి మచ్చ కనబడిన రోజున, ఇత్తడి కుందులు తోమే పాలిష్‌తో తమరిని తోమాను. పది నిమిషాల పాటు తళతళలాడారు. గుడ్డకు అంటిన నలుపును చూసి మురికి వదిలిందని మురిసిపోయాను గాని, అరగదీసే గుణమున్న పాలిష్ మురికితో పాటు పూతనూ పట్టుకుపోతుందని అప్పటికి తెలియదు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగల మధ్య పెరిగిన మా మచిలీపట్నం పిన్ని విని, "గిల్టు గొలుసును ఎవరైనా తోముతార్రా? తీసిన వెంటనే పొడిగుడ్డతో ఒత్తి దూదిలో పెట్టుకోవాలి గాని" అంది. ఆవిడ జన్మలో గిటారు ముట్టుకోలేదు. అప్పటి నుంచి ఇరవై నిమిషాలు వాయిస్తే పది నిమిషాలు మెత్తని నూలుగుడ్డతో అద్దుతూ కూర్చుంటున్నాను.

తమ వంశం గొప్పదే, కాదనను. 1954లో గిబ్సన్ కంపెనీ వారు లెస్ పాల్ కస్టమ్ అనే గిటారును నల్లని ఒంటికి బంగారు సామగ్రి తొడిగి తెచ్చారు. అది విందులకు తొడిగే నల్లసూటు, అదే టక్సీడో, వేసుకున్నట్టు ఉండాలని గిటారు విద్వాంసుడు లెస్ పాల్ గారి ముచ్చట. మే నెలలో, కరెంటు పోయిన గదిలో, బనియనుతో వాయించేవాడి చేతిలో తమబోటివారు పడతారని ఆ మహానుభావుడు ఊహించి ఉండడు.

ఇక మర్యాద నా వల్ల కాదు. చేయి తగిలితే ఓర్చుకోలేనిదానివి గిటారు మీదకు ఎందుకు ఎక్కావు? అద్దాల బీరువాలో కూర్చోవలసింది! పైన పటారం, లోన లొటారం. నీ పటారం కోసం ఆరు వారాలు, సుంకంతో కలిపి నా సగం జీతం!

సాయంత్రం వేరే గతి లేక నిన్నే మళ్లీ పోస్టుల మీద దించి, ఆరు తీగలూ శ్రుతి చేశాను. సన్న తీగల వైపు ఇంకా పెళ్లికొడుకులా మెరుస్తున్నావు. లావు తీగల వైపు మాత్రం బూడిదరంగు నెలవంక ఒకటి తేలింది. దాని మీద అరచేయి ఆనిస్తే అంచుకు అంచు సరిపోయింది. కొత్తవాడిని పెట్టెలో పెట్టి టేపు అంటించేశాను. వాపసు పంపడానికి శుక్రవారం దాకా గడువుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
నూలుగుడ్డ ఉతికి ఆరవేసి వచ్చిన,
నీ చెమట చేతుల యజమాని