రిజిస్ట్రేషన్ అయిపోతే అమ్మినవారి బాధ్యత తీరిపోతుందా?

గుంటూరు, విజయవాడల్లో ఇల్లు కొన్నవారికి, కొనబోతున్నవారికి కొంతకాలంగా ఒక వాట్సాప్ సందేశం చేతులు మారుతూ వస్తోంది. దాని సారాంశం ఇది: రిజిస్ట్రేషన్ పూర్తయిన మరుక్షణం ఇంటి లోపాలన్నీ కొన్నవారివే, చూసుకోకపోవడం వారి తప్పే, దస్తావేజులో 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న మాట ఉంటే ఇక నోరెత్తడానికి వీల్లేదు, పాత యజమాని వదిలి వెళ్ళిన సామానంతా తాళంచెవితో పాటే మన సొంతమవుతుంది కాబట్టి పాత సామాను వాడికి అమ్ముకోవచ్చు, అయినా దిగులుపడనక్కరలేదు, ఐదేళ్ళలోపు ఏ లోపం బయటపడినా రెరాకు, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థకు, ఫిర్యాదు చేస్తే అమ్మినవారే ఉచితంగా బాగుచేయించాలి, పాత కరెంటు బిల్లులతో మనకు సంబంధమే లేదు. మొదట బాధ్యతే లేదని చెప్పి, తరువాత ఉచితంగా బాగుచేయించాలని చెప్పే ఈ సందేశాన్ని రాసినవారు తాము రాసింది మరొకసారి చదువుకున్నట్టు లేదు.

గుంటూరు పట్టాభిపురంలో నేను కొన్న పాత మేడ ఇంట్లో లోపాలు ఒక్కొక్కటిగా బయటపడుతున్న రోజుల్లో మా బావమరిది ఈ సందేశాన్ని నాకు పంపి, "బావగారూ, ఇక వదిలేయండి, చట్టం కూడా ఇంతే" అన్నాడు. చట్టం అంత మాత్రమే కాదని తెలుసుకోవడానికి నాకు ఒక వర్షాకాలం పట్టింది.

మొదటి మాటను ముందుగా తీసుకుందాం. స్థిరాస్తి అమ్మకాలకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉన్న ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేనిదైతే, దాన్ని ముందుగా చెప్పి తీరవలసిన బాధ్యత అమ్మేవారిదేనని అందులోని 55వ సెక్షన్ మొదట్లోనే చెబుతుంది; అలా చెప్పకపోవడం మోసం కిందికి వస్తుందని అదే సెక్షన్ చివర స్పష్టం చేస్తుంది. రిజిస్ట్రేషన్ జరిగితే ఈ బాధ్యత రద్దవుతుందని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పరిశీలించేది దస్తావేజును, శ్లాబును కాదు. ఈసీలో, అంటే ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే గాని గోడలోని చెమ్మ కాదు.

'కొనేవాడే జాగ్రత్తపడాలి' అన్న సూత్రం లేదా అంటే, ఉంది. దానికి మన చట్టాల్లో ప్రసిద్ధమైన చోటు 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని 16వ సెక్షన్. ఆ చట్టం కుర్చీలకు, మోటార్లకు, మిరపకాయల బస్తాలకు వర్తిస్తుంది. ఇల్లు దాని నిర్వచనంలో సరుకు కాదు. సందేశం రాసినవారు ఆ సూత్రాన్ని మిర్చి యార్డు నుంచి తెచ్చి మన వాకిట్లో పడేశారు.

అయితే 55వ సెక్షన్‌లోని షరతులను తేలిగ్గా తీసుకోకూడదు. లోపం ముఖ్యమైనది కావాలి, అమ్మినవారికి తెలిసి ఉండాలి, కొన్నవారికి తెలియకూడదు, మామూలు జాగ్రత్తకు దొరకకూడదు. ఈ నాలుగూ కలిస్తేనే పట్టు చిక్కుతుంది. మా ఇంటి విషయమే చెబుతాను. కింది పడకగదికి మాత్రమే, మిగతా ఏ గదికీ లేని విధంగా, కొత్త ఫాల్స్ సీలింగ్ ఉంది. చూడడానికి వెళ్ళినప్పుడు అది పిల్లవాడి ముచ్చట కోసం చేయించారని చెప్పారు, మేమూ మెచ్చుకున్నాం. అక్టోబరు వానల్లో ఆ సీలింగ్ మీద పసుపుపచ్చ మరక పాకడం మొదలైంది. ఎలక్ట్రీషియన్ ఒక పలక విప్పి టార్చి వేసి చూస్తే, పై అంతస్తు స్నానాల గది కింద శ్లాబు పెచ్చులూడి, తుప్పు పట్టిన ఊచలు బయటికి కనిపిస్తున్నాయి. ఆ ఊచలకే ఇనుప తీగతో కట్టిన ఒక ఖాళీ పెయింటు డబ్బా వేలాడుతూ, అంచుదాకా మురికినీటితో నిండి ఉంది. నీరు కారుతోందని తెలియనివారు డబ్బా కట్టరు. ఆ డబ్బాను విప్పకుండా, తీగ ముడితో సహా ఫొటోలు తీయించడం నేను చేసిన పనులన్నిటిలోకీ ఉపయోగపడింది.

దీనికి భిన్నంగా అదే ఇంట్లో పెరటి వైపు గోడకు కిటికీ మూల నుంచి జారినట్టు ఏటవాలుగా ఒక బీట ఉండేది. అది కొనక ముందే నా కంటబడింది, నేనే పట్టించుకోలేదు. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పునాదిని లోతుగా, ఆ నేలకు తగిన పద్ధతిలో వేయకపోతే గోడలు ఇలాగే చీలుతాయి. ఇది ఈ ఊళ్ళో మేస్త్రీని అడిగితే చెప్పే విషయం. కనిపించిన బీటకు అమ్మినవారిని నిలదీసే హక్కు నాకు లేదు, నిలదీయలేదు కూడా. కాని బీటలో తాజాగా పుట్టీ నింపి, మీద రంగు వేసి దాచి ఉంటే కథ వేరు.

విజయవాడ విషయంలో ఈ తేడా మరింత పదునుగా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాల ఇళ్ళలోకి నీళ్ళు చొరబడి రోజుల తరబడి నిలిచిపోయాయి. ఆ వారంలోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ ఇల్లు కొని 'వరద వచ్చిన సంగతి నాకు తెలియదు' అంటే ఏ న్యాయస్థానమైనా మామూలు జాగ్రత్త ఏమైందని అడుగుతుంది. కాని ఆ నీళ్ళకు సెప్టిక్ ట్యాంకు గోడ కూలిందని, గోడల్లోని వైర్ల గొట్టాల్లో బురద చేరిందని తెలిసి, మీద కొత్త టైల్స్ పరిచి అమ్మితే, అది ఊరంతటికీ తెలిసిన వరద కాదు, ఆ ఇంటివారికి మాత్రమే తెలిసిన లోపం. అలాంటి ఇల్లు చూసేటప్పుడు గోడలకన్నా చెక్క అల్మారా వెనుక భాగాన్ని, తలుపు చట్రాల అడుగు భాగాన్ని, స్విచ్ బోర్డు లోపలి పెట్టెను చూడాలి. రంగు వేసేవారి బ్రష్ సాధారణంగా అక్కడిదాకా పోదు.

'ఉన్నది ఉన్నట్టుగా' అన్న మాట సంగతి కొంత చిక్కైనది కాబట్టి దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. 55వ సెక్షన్ బాధ్యతలు వేరే ఒప్పందం లేనప్పుడే వర్తిస్తాయని ఆ సెక్షన్ మొదటి మాటే చెబుతోంది. అందువల్ల 'పై స్నానాల గది కారుతోంది, ఆ సంగతి తెలిసే కొంటున్నాము' అని దస్తావేజులో రాసి సంతకం చేస్తే, తరువాత చేయగలిగింది ఏమీ ఉండదు. అలా కాకుండా దస్తావేజు లేఖరి ప్రతి దస్తావేజులోనూ దించే అచ్చు వాక్యం వేరు. 1872 నాటి ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ తెలిసిన విషయాన్ని కావాలని కప్పిపుచ్చడాన్ని మోసం అంటుంది. ఉన్నది ఉన్నట్టుగా అమ్మామని చెప్పేవారు, ఉన్నదాన్ని లేనట్టుగా చూపించి ఉంటే, ఆ అచ్చు వాక్యం చాటున నిలబడడం కష్టం.

మరి చేయవలసింది ఏమిటి? బాగుచేయించడానికి తొందరపడకపోవడం మొదటిది. లైసెన్సు ఉన్న ఇంజనీరుతో లోపాన్ని, దాని వయసును, బాగుచేయడానికి అయ్యే ఖర్చును రాయించుకుని, ఫొటోలతో కలిపి న్యాయవాది ద్వారా నోటీసు పంపాలి. కాలం సంగతి కూడా సందేశం చెప్పినంత అన్యాయంగా లేదు. ఇలాంటి దావాలకు సాధారణంగా మూడేళ్ళ గడువు. మోసం ఉన్నచోట 1963 నాటి కాలపరిమితి చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ గడువు మోసం బయటపడిన నాటి నుంచి, లేదా తగిన శ్రద్ధతో బయటపడగలిగిన నాటి నుంచి మొదలవుతుంది. ఇల్లు తిరిగి ఇచ్చేసి డబ్బు మొత్తం వాపసు అడగడం కన్నా మరమ్మతు ఖర్చు అడగడం ఆచరణలో దొరికే దారి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా, దావా వేయకముందే, లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. ఆ రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. '420 కేసు పెట్టండి' అన్న సలహా కూడా నాకు చాలామంది ఇచ్చారు. 2024 జూలై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వచ్చిందని వారికి ఎవరూ చెప్పినట్టు లేదు. నా విషయంలో డబ్బా ఫొటో జతచేసిన నోటీసు అందిన రెండు వారాలకు, మధ్యవర్తి ఇంట్లో కూర్చుని, మరమ్మతు ఖర్చులో మూడింట రెండు వంతులు ఇవ్వడానికి అమ్మినవారు ఒప్పుకున్నారు. మిగిలిన వంతు గురించి నేను పట్టుపట్టలేదు.

ఇక వదిలేసిన సామాను. సందేశంలోని మిగతా మాటలు డబ్బు నష్టం తెస్తే, ఈ మాట నేరుగా చిక్కుల్లో పడేస్తుంది. ఇంటితోపాటు ఏవేవి వస్తాయో అదే ఆస్తి బదలాయింపు చట్టం 8వ సెక్షన్ చెబుతుంది: తాళాలు, తాళంచెవులు, తలుపులు, కిటికీలు, ఇంటితోపాటు శాశ్వతంగా వాడుకోవడానికి ఏర్పాటు చేసిన ఇతర వస్తువులు. మా పెరట్లో నేలలో పాతిన రుబ్బురోలు ఇంటిదే. ముందు గదిలో తాళం వేసి వదిలిన ఇనుప బీరువా ఇంటిది కాదు. ఎదుటివారి వస్తువు దొరికి దాన్ని తన దగ్గర పెట్టుకున్నవారు దాన్ని జాగ్రత్తగా చూడవలసి ఉంటుందని ఒప్పందాల చట్టం 71వ సెక్షన్ అంటుంది. ఎదుటివారిదని తెలిసి అక్రమబుద్ధితో సొంతం చేసుకుంటే న్యాయ సంహిత 314వ సెక్షన్ దాకా పోతుంది. అమ్మినవారు 'మాకు అక్కరలేదు, పారేయండి' అని స్పష్టంగా చెబితే, అది రాతపూర్వకంగా ఉంటే, అప్పుడు పాత సామాను వాడిని పిలవవచ్చు.

మేము పక్కింటి ఇద్దరిని పిలిచి, గది గదీ తిరిగి జాబితా రాశాం. విరిగిన నవారు మంచం, అటక మీద రెండు ట్రంకు పెట్టెలు, ఒక గ్యాస్ సిలిండరు, ఆ బీరువా. జాబితాను రిజిస్టర్డ్ పోస్టులో పంపి పదిహేను రోజులు గడువు ఇచ్చాం. సిలిండరు అసలు అమ్మినవారిది కూడా కాదు, చమురు కంపెనీది; డిపాజిట్ మాత్రమే వారిది, కాబట్టి దాన్ని మన పొయ్యికి తగిలించుకోవడం, ఇంకొకరికి అమ్మడం రెండూ తప్పే. పన్నెండో రోజున వారి అబ్బాయి వచ్చి మా ఎదుటే బీరువా తెరిచాడు. పై అరలో వాళ్ళ అమ్మగారి వెండి కుంకుమభరిణ, పదో తరగతి సర్టిఫికెట్, దారంతో కట్టిన బ్యాంకు పాసుబుక్కులు ఉన్నాయి. మా బావమరిది మాట విని బీరువాను తూకానికి వేసి ఉంటే ఆ సర్టిఫికెట్‌కు నేను ఏం సమాధానం చెప్పేవాణ్ణో! ముట్టినట్టు సంతకం తీసుకుని పంపించాం. ఎవరికీ అక్కరలేనివి, అంటే మేడ మీది పగిలిన టైల్స్, గట్టిపడిన సిమెంటు బస్తాలు, మాత్రం మా ఖర్చుతోనే తీయించవలసి వచ్చింది. క్రయ ఒప్పందంలోనే 'సామాను పూర్తిగా తీసివేసి ఖాళీ ఇంటిని అప్పగించాలి' అని రాయించి, కొంత సొమ్మును తాళంచెవులు ఇచ్చే రోజుదాకా ఆపి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

రెరా గురించి చెప్పింది సగం నిజం. 2016 చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్వాధీనం అప్పగించిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో అదనపు రుసుము లేకుండా సరిచేయవలసింది ప్రమోటరు, అంటే కట్టి అమ్మిన బిల్డరు. పాత ఇంటిని అమ్మిన గృహస్థు ప్రమోటరు కాడు. అయితే కొత్త అపార్ట్‌మెంటును మొదటి కొనుగోలుదారు నుంచి మీరు కొన్నా, ఆ చట్టంలో కేటాయింపుదారు అన్న నిర్వచనం మీకూ వర్తిస్తుంది కాబట్టి, ఐదేళ్ళు దాటకపోతే బిల్డరునే అడగవచ్చు. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని, లేదా ఎనిమిది ఫ్లాట్లు మించని నిర్మాణాలకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి; మన వీధుల్లో లేచే చిన్న చిన్న అపార్ట్‌మెంట్లలో చాలా వరకు ఆ కోవలోవే.

బిల్లుల మాట పూర్తిగా తప్పు. అమ్మకం తేదీదాకా ఉన్న పన్నులు అమ్మినవారే కట్టాలన్నది 55వ సెక్షన్‌లోనే ఉంది, కాని అది మీకూ వారికీ మధ్య. కరెంటు సంస్థ ఆ పంపకాన్ని పట్టించుకోదు. పాత యజమాని బకాయిలను నిబంధనలు అనుమతించినచోట కొత్త యజమాని నుంచి కూడా రాబట్టవచ్చని సుప్రీంకోర్టు 2023 మే నెలలో తీర్పు చెప్పింది. నేను తాళంచెవులు తీసుకున్న ఉదయం మీటరు రీడింగును ఫొటో తీసి, దాని కింద తేదీ వేసి, అమ్మినవారితో సంతకం చేయించుకున్నాను. ఇంటిపన్ను రసీదును మాత్రం అడగడం మరిచిపోయి, రెండు అర్ధ సంవత్సరాల బకాయి నేనే కట్టి, నోటీసులో ఆ మొత్తాన్ని కలిపి రాబట్టుకున్నాను.