ఇంటి కంప్యూటర్‌కు క్రాక్ కాపీలెందుకు?

ఉద్యోగ నోటిఫికేషన్ పడితే చాలు, శ్రీకాకుళం, విజయనగరం నెట్ సెంటర్ల ముందు కుర్రాళ్లు బారులు తీరతారు. ఫొటోను 50 కేబీకి తగ్గించాలి, సంతకం స్కాన్ చేయాలి, సర్టిఫికెట్లన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేయాలి. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని కూడా ఈ వరసలో నిలబడేవాళ్లున్నారు. ఈ పనులకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాలని, కొనలేకపోతే క్రాక్, అంటే లైసెన్సు తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ, వేయించుకోవాలని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం తప్పని, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తోనే ఈ పనులు అయిపోతాయని చెప్పడానికే ఈ సంపాదకీయం.

కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు "అన్నీ ఎక్కించి ఇస్తాం సార్" అనే మాట మనకు కొత్త కాదు. ఆ 'అన్నీ' ఎక్కడివని అడిగేవారు తక్కువ. క్రాక్ నడవాలంటే చాలాసార్లు ముందు యాంటీవైరస్ ఆపాలి. అంటే తలుపు మనమే తీసి పెడుతున్నాం. పెళ్లి ఫొటోల నుంచి పొలం కాగితాల దాకా ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్, ముఖ్యంగా స్టాప్ అనే రకం, ఇలాంటి క్రాక్‌ల ద్వారానే ఇళ్లలోకి వచ్చింది. యాంటీవైరస్ కూడా కొనక్కర్లేదు. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంచి, అప్‌డేట్లు చేసుకుంటే మామూలు ఇంటికి సరిపోతుంది.

ఉత్తరాలు, బయోడేటా, పిల్లల ప్రాజెక్టులు, ఇంటి లెక్కలకు లిబ్రె ఆఫీస్ ఉంది. 2010లో మొదలైన ఈ ప్యాకేజీ వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, రాసినదాన్ని నేరుగా పీడీఎఫ్ చేసి ఇస్తుంది. లోపాలూ దాచం. వేరేచోట వర్డ్‌లో గట్టిగా డిజైన్ చేసిన ఫైలు ఇందులో తెరిస్తే టేబుళ్లు కాస్త జరుగుతాయి. మాక్రోలతో (పనులు వాటంతటవే జరిగేలా రాసిన చిన్న ప్రోగ్రాములతో) నిండిన ఎక్సెల్ షీట్లు సరిగా నడవకపోవచ్చు. జీఎస్టీ లెక్కలు రాసుకునే పలాస జీడిపప్పు వ్యాపారి దీనితో సరిపెట్టుకోవాలని మేం చెప్పం. ఇంటి పనికి మాత్రం ఇది ధారాళంగా చాలు.

ఫొటో తగ్గించడానికి జింప్. మొదట్లో దాని మెనూలు చూసి కంగారు పడతారు, నిజమే. కానీ సైజు మార్చి, జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూ టిక్ పెడితే, క్వాలిటీ తగ్గిస్తున్న కొద్దీ ఫైలు ఎన్ని కేబీకి దిగిందో కనిపిస్తుంది. దరఖాస్తుకు కావలసింది అంతే. పీడీఎఫ్‌లు కలపడానికి, విడదీయడానికి పీడీఎఫ్ శామ్ బేసిక్. ఇక్కడ ఒక హెచ్చరిక. గూగుల్‌లో ముందు కనిపించిన సైటులోకి ఆధార్, పాన్, టెన్త్ మెమో ఎక్కించి పీడీఎఫ్ చేయించుకోవడం చాలామందికి అలవాటైపోయింది. ఆ సైటు ఎవరిది, కాగితాలు అక్కడ ఎన్నాళ్లుంటాయి అన్నది మనకు తెలియదు. పీడీఎఫ్ శామ్ మన కంప్యూటర్లోనే పనిచేస్తుంది, ఏ కాగితమూ గడప దాటదు.

సినిమాలకు వీఎల్‌సీ, జిప్ ఫైళ్లకు సెవెన్ జిప్ గురించి వేరే చెప్పక్కర్లేదు. శబ్దాన్ని రికార్డు చేసి దిద్దే ఆడాసిటీ గురించి మాత్రం చెప్పాలి. తప్పెటగుళ్ల పాటలు, జముకుల కథలు పాత క్యాసెట్లలో మూలుగుతున్న ఇళ్లు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. టేప్ రికార్డర్ నుంచి ఒక వైరు కలిపి, ఆడాసిటీలో రికార్డు చేసి, బరబర శబ్దం తగ్గించి దాచుకోవచ్చు. టేపు అరిగిపోకముందే చేయాల్సిన పని.

తెలుగు టైపింగ్ సంగతి మాకు మరీ దగ్గరది. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లదే రాజ్యం. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి, వెతికితే ఒక్క మాటా దొరకదు. అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తించే అక్షరాల పద్ధతి యూనికోడ్. అందులో కొడితే ఎక్కడైనా చదవొచ్చు. ఇంగ్లిష్ అక్షరాలు నొక్కితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు, గురజాడ పేర్లతో ఉచిత ఫాంట్లున్నాయి. పర్వతాలపేటలో పుట్టినాయన, విజయనగరంలో బతికినాయన! ఆ పేర్లు మన జిల్లాల కార్యాలయాల కంప్యూటర్లలోనే కనిపించకపోవడం బాగోలేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, నమోదు చేసుకున్నవారికి మరో ఏడాది గడువిచ్చారు. పాత ల్యాప్‌టాప్‌లు చాలా వాటికి విండోస్ 11 ఎక్కదు. వాటిని తుక్కుకు వేసేముందు, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ చూడండి. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు.

ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ, అంబేద్కర్ యూనివర్సిటీ ఉన్నాయి. విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది. నెలకో ఆదివారం విద్యార్థులు ఒక మండల కేంద్రంలో కూర్చుని, కంప్యూటర్ తెచ్చినవారికి ఇవన్నీ ఎక్కించి చూపిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. రెండు జిల్లాల కలెక్టర్లు ప్రజలకిచ్చే దరఖాస్తు నమూనాలను యూనికోడ్‌లోనే ఉంచాలని ఒక్క ఉత్తర్వు ఇస్తే అను గొడవ సగం తీరుతుంది. ఈలోగా కంప్యూటర్ కొనేవారు, వేసిచ్చే ప్రతి సాఫ్ట్‌వేర్ పేరూ బిల్లు మీద రాయమని షాపులో అడగండి. రాయడానికి వెనకాడితే అది తీసేసి లిబ్రె ఆఫీస్ ఎక్కించమనండి. డౌన్‌లోడ్ కొన్ని వందల ఎంబీ, అదీ లిబ్రె ఆఫీస్ సొంత సైటు నుంచే.