పోయింది పార్టేనా, ఇంకేదైనానా?

గ్యాస్‌తో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ మొరాయించేది ఎప్పుడూ బాగా చలిగా ఉన్న రాత్రే. ఇందులో శాపమేం లేదు, ఆగకుండా పనిచేసేది అప్పుడే కదా. మంట అంటుకుంటుంది, నాలుగైదు సెకన్లు మండి టక్కున ఆరిపోతుంది, మళ్ళీ అంటుకుంటుంది, మళ్ళీ ఆరిపోతుంది, అలా కొన్నిసార్లయ్యాక మెషిన్ లాకైపోయి కూర్చుంటుంది. ఇంట్లో అందరూ దుప్పట్లు కప్పుకుని చూస్తుంటే వచ్చిన టెక్నీషియన్ "కంట్రోల్ బోర్డు పోయిందండీ, అసలు మొత్తం మార్చేస్తే బెటర్" అన్నాడనుకోండి, కాదనే ధైర్యం ఎవరికుంటుంది? మేమనేది ఒకటే, రిపేరా కొత్తదా అన్నది తర్వాత, ముందు అది ఎందుకు ఆగిందో తేలాలి.

పైన చెప్పిన లక్షణానికి చాలాసార్లు కారణం ఫ్లేమ్ సెన్సార్. సన్నటి కడ్డీ అంతే, మంటలో ఉంటుంది, మంట గుండా పారే మైక్రో ఆంపియర్ల కరెంటుని బట్టే మంట ఉందో లేదో మెషిన్‌ని నడిపే బోర్డుకి తెలుస్తుంది. కడ్డీ మీద పొర పట్టేస్తే ఆ కాస్త కరెంటూ తగ్గిపోతుంది, మంట మండుతున్నా లేనట్టే లెక్క, గ్యాస్ ఊరికే పోతోందేమోనని బోర్డు వాల్వ్ మూసేస్తుంది. అంటే పాపం బోర్డు తన పని తను చేస్తోంది. ఒక్క స్క్రూ విప్పి, సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్ది పెడితే చాలావరకు సర్దుకునే పనికి బోర్డు మార్చడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

బోర్డు నిజంగా చచ్చినట్టు పడున్నా తొందరపడక్కర్లేదు. చాలా బోర్డుల మీద కార్లలో వాడేలాంటి చిన్న ఫ్యూజ్ ఉంటుంది, 3 ఆంపియర్లదో 5 ఆంపియర్లదో. గది ఎంత వెచ్చగా ఉందో చూసి మెషిన్‌ని ఆన్ ఆఫ్ చేసే థర్మోస్టాట్‌కి వెళ్ళే 24 వోల్టుల వైరు ఎక్కడో ఒరుసుకుని షార్టయితే అది కాలిపోతుంది, వైరు చూడకుండా బోర్డు మారిస్తే కొత్త బోర్డు మీది ఫ్యూజ్ కూడా పోతుంది, బిల్లు మాత్రం తడిసి మోపెడవుతుంది. మరీ వేడెక్కితే మంట ఆపించే లిమిట్ స్విచ్ సంగతీ ఇంతే, ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి గాలాడక లోపల వేడెక్కుతుంటే అది కట్ చేస్తుంది, చెయ్యాలి కూడా.

అలాగని అన్నీ బాగుచేయించుకోవచ్చని మేం అనట్లేదు. మంట అంటించే ఇగ్నైటర్‌కి బీట వస్తే అతికించేదేం ఉండదు, మార్చాల్సిందే. వెచ్చటి గాలిని ఇంట్లోకి తోసే బ్లోయర్ మోటర్ మూలుగుతూ తిరగకపోతే, దానికి కెపాసిటర్ (మోటర్ తిరగడానికి సాయపడే, చార్జ్ దాచుకునే చిన్న డబ్బా) ఉంటే ముందు దాన్ని కొలవాలి, రాసున్న మైక్రోఫారడ్ల కంటే రీడింగ్ బాగా తక్కువొస్తే మార్చాల్సింది దాన్ని, మోటర్ని కాదు (మెయిన్ ఆపేసినా దాన్లో చార్జ్ ఉంటుంది, మీరు మాత్రం వేలు పెట్టకండి).

హీట్ ఎక్స్‌ఛేంజర్ దగ్గర మాత్రం మాకు మొహమాటం లేదు. మంట పొగ ఇంటి గాలిలో కలవకుండా వేడిని మాత్రమే అందించే లోహపు భాగం అది. దానికి పగులుంటే వెల్డింగులు, అతుకులు వద్దు, ఈ సీజన్ గడిపేద్దాం అనే మాటే వద్దు. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు, అది ఇంట్లోకి వచ్చే అవకాశం ఉన్నప్పుడు మెషిన్ ఆపేయడమే. ఆ పార్ట్‌కి మిగతా వాటికంటే ఎక్కువేళ్ళ వారంటీ ఉంటుంది చాలా మోడళ్ళలో, కాగితాలు వెతకండి, కూలీ ఖర్చు అందులో రాకపోవచ్చు. మెషిన్‌కి మామూలుగా 15 నుంచి 20 ఏళ్ళ ఆయుష్షు, దాని చివర్లో ఉండి ఈ పార్టే పోతే కొత్తదే నయం. రిపేరు ఖర్చు కొత్తదాంట్లో సగం దాటితే మార్చెయ్యాలని ఒక లెక్క చెప్తుంటారు, బానే ఉంది గానీ 6 ఏళ్ళ దానికీ 18 ఏళ్ళ దానికీ అదే లెక్కంటే ఎలా?

కాబట్టి పార్ట్ పోయిందన్నవాళ్ళని మీటర్ రీడింగ్ చూపించమని అడగండి, పగులుందంటే ఫోటో తీసి చూపించమనండి, తీసేసిన పాతది చేతికివ్వమనండి. ఫ్యూజ్‌కయితే మీటర్ కూడా అక్కర్లేదు, పట్టుకుని వెలుతురులో చూస్తే లోపలి తీగ తెగిందో లేదో కంటికే కనపడుతుంది.