గులాబీయా, ఉల్లిపొరా?

మా తోడల్లుడికి యాభై దాటాక షుగరు రాలేదు, బీపీ రాలేదు, స్టాంపు వచ్చింది. న్యూజెర్సీలో ఉంటాడు, ఇంటి అప్పు తీరిపోయింది, పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయారు, ఇక మనిషి ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. కొందరు టమాటా మొక్కలు పట్టుకుంటారు, ఈయన 1861 నాటి మూడు సెంట్ల జార్జి వాషింగ్టన్ బొమ్మ స్టాంపుని పట్టుకున్నాడు.

అదేమన్నా దొరకని స్టాంపా అంటే కాదు. అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న అంతర్యుద్ధం రోజుల్లో ఉత్తరాది జనం మామూలు ఉత్తరానికి అంటించింది దాన్నే. వంద కోట్లకు పైగా అచ్చేశారు. ఈ రోజుకీ రెండు మూడు డాలర్లు పారేస్తే వాడిన స్టాంపు ఒకటి చేతికొస్తుంది. చిక్కంతా రంగుతోనే. మొదట్లో, అంటే 1861 ఆగస్టు నుంచి కొన్నాళ్లపాటు అచ్చయిన వాటిలో కొన్ని పింక్. తర్వాత కోట్లకొద్దీ వచ్చినవి రోజ్. మధ్యలో రోజ్ పింక్ అని ఇంకోటి. వీటన్నిటికీ పైన మహారాజులా పావురం నెత్తురు పింక్. నేను కల్పించింది కాదండీ, కేటలాగులో ఆ రంగు పేరే అది. రోజ్ అయితే కాఫీ ఖర్చు, పింక్ అయితే వందల డాలర్లు, పావురం నెత్తురైతే వేలు. పావురాన్ని కోసి పక్కన పెట్టి పోల్చింది ఎవరో, ఆ పావురం చేసిన నేరమేమిటో మాత్రం ఎవరూ చెప్పరు.

మొన్న వేసవిలో వాళ్లింటికి వెళ్లాం. ఆదివారం పొద్దున్నే ఆయన సాటి భక్తులు ముగ్గురు దిగారు, తలా ఒక భూతద్దం, తలా ఒక పట్టకారు. బల్లని ఉత్తరం వైపు కిటికీ దగ్గరికి జరిపారు. దీపం వెలుతురు అబద్ధం చెబుతుందట, ఉత్తరపు వెలుగే నిజం చెబుతుందట. నన్ను లేచి నిలబడమన్నారు. ఎందుకో అనుకున్నాను, నా ఎర్ర టీషర్టు నీడ స్టాంపు మీద పడుతోందట! ఆఖరికి ఒక పెద్దాయన నన్ను లోపలికెళ్లి తెల్ల చొక్కా వేసుకు రమ్మన్నాడు. వేసుకొచ్చాను. అప్పుడు మొదలైంది విచారణ. ఒకాయన పింక్ అన్నాడు. ఇంకొకాయన "రోజ్ పింకే, కాకపోతే పింక్ వైపు మొగ్గుతోంది" అన్నాడు, సంకీర్ణ ప్రభుత్వంలో ఎమ్మెల్యే గురించి చెప్పినట్టు. మూడో ఆయన గంట సేపు ఏమీ అనలేదు, ఆ మౌనానికి అందరూ భయపడుతున్నారు. నలుగురికీ ఊపిరాడటం లేదు, ఎందుకంటే ఊపిరి వదిలితే స్టాంపుకి చెమ్మ తగులుతుంది.

ఇంతలో మా అత్తగారు కాఫీ కప్పుల ట్రేతో వచ్చారు. "దూరం, దూరం!" అని నలుగురూ ఒకేసారి లేచారు, బాంబు తెచ్చినట్టు. ఆవిడ ట్రే కింద పెట్టి, వంగి ఒక్క చూపు చూసి, "ఇందులో ఇంత ఆలోచనేముంది అల్లుడుగారూ, ఇది ఉల్లిపొర రంగు. రెండు ఉతుకులు పడ్డాక వెలిసిన ఉల్లిపొర" అని లోపలికెళ్లిపోయారు. నలభై ఏళ్లు చీరల కొట్ల మధ్య తిరిగిన మనిషి ఆవిడ. నేను నవ్వబోయాను. ఎవరూ నవ్వలేదు. మా తోడల్లుడు నోటుబుక్కు తీసి రాసుకున్నాడు, తర్వాత వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "వెలిసింది అంటే ఎండకంటారా, నీళ్లకంటారా అత్తయ్యగారూ?" అని అడిగాడు.

సరే, ఇంతమంది మగాళ్లను ఇలా కూర్చోబెట్టిన స్టాంపు కథేమిటో తెలుసుకుందామని నేనే చదివాను, ఎందుకంటే ఆ బల్ల దగ్గర రంగు తప్ప ఇంకో మాట వినపడలేదు. కథ రంగు కన్నా లక్ష రెట్లు బాగుంది. దక్షిణాది రాష్ట్రాలు విడిపోయినప్పుడు అక్కడి పోస్టాఫీసుల్లో పాత స్టాంపులు బోలెడు ఉండిపోయాయి. వాటిని ఉత్తరాదిలో అమ్ముకుని డబ్బు చేసుకుంటారేమోనని వాషింగ్టన్ ప్రభుత్వం పాత స్టాంపులన్నీ చెల్లవని చెప్పి, కొత్తవి అచ్చేసింది. మార్చుకోవడానికి ఊరూరా నోటీసు వేసి ఆరు రోజులు గడువు. మనకి 2016లో నోట్లు రద్దు చేసినప్పుడు కాస్త ఎక్కువే ఇచ్చారు లెండి. గడువు దాటాక పాత స్టాంపు అంటిస్తే ఫిలడెల్ఫియాలో 'పాత స్టాంపులు చెల్లవు' అని ముద్ర కొట్టి మరీ పంపేవాళ్లు.

మరుసటి ఏడాది చిల్లర నాణేలు జనం దాచేసుకున్నారు. దాంతో స్టాంపులే చిల్లర అయ్యాయి, జేబులో చెమటకి ఒకదానికొకటి అంటుకుపోయేవి. జాన్ గాల్ట్ అనే ఆయన ఇత్తడి బిళ్లలో స్టాంపు పెట్టి, పైన అభ్రకం పలక బిగించి, 1862 ఆగస్టులో పేటెంటు తీసుకున్నాడు. వెనకవైపు ఇత్తడి ఖాళీగా ఎందుకుండాలని ప్రకటనలకు అమ్మాడు. కాబట్టి ముందు వైపు జాతిపిత వాషింగ్టన్, వెనక వైపు ఎయర్స్ వారి విరేచనాల మాత్రలు. ఒక దేశ చరిత్రను ఒక్క బిళ్ల మీద ఇంత నిజాయితీగా ఇంకెవరూ అచ్చేయలేదు.

ఇంకో తమాషా, రెండు పక్షాల స్టాంపుల మీదా అవే మొహాలు. 1863లో ఉత్తరాది రెండు సెంట్ల స్టాంపు మీద మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్, దక్షిణాది రెండు సెంట్ల మీదా ఆయనే. వాషింగ్టన్‌ని కూడా దక్షిణాది వదల్లేదు, ఇరవై సెంట్లకెక్కించింది. ఇద్దరూ బానిసలున్న దొరలే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఇక మా తోడల్లుడి స్టాంపు ఒట్టి స్టాంపు కాదు, కవరు మీద ఉంది. 1861 శరత్కాలం, వాషింగ్టన్ నగరం పోస్టాఫీసు ముద్ర, ఊరి చుట్టూ సైన్యం గుడారాలు వేసుకున్న రోజులు. ఒహాయోలో ఎవరో ఆవిడకు ఒక సైనికుడు రాసినట్టుంది. చేతిరాత కొత్తగా అక్షరాలు దిద్దుకున్న పిల్లాడిలా వంకరగా ఉంది. లోపల ఉత్తరం ఏదని అడిగాను. "ఉత్తరమా? అది ఉండదు తమ్ముడూ, కవరే ముఖ్యం" అన్నాడు. ఎప్పుడో, ఎవరో తీసి పారేశారట. అది లోపం కాదా అంటే కాదు. స్టాంపు అంచున రంపంలాంటి పళ్లలో ఒకటి ఊడితే మాత్రం ధర పడిపోతుంది, దాన్ని వేలం కేటలాగులో విడిగా రాస్తారు. ఆ కుర్రాడు ఆవిడకి ఏం రాశాడో, మళ్లీ ఇల్లు చూశాడో లేదో ఎవరికీ అక్కర్లేదు, పళ్లు మాత్రం లెక్క సరిపోవాలి!

నాకు ఒళ్లు మండింది అక్కడ కాదు, ఆ మధ్యాహ్నం. దక్షిణాది కవర్లు పెట్టుకున్న పెద్దాయన తన ఆల్బం తీశాడు. ఉత్తరాది ఓడలు రేవుల్ని దిగ్బంధం చేస్తే కాగితం దొరక్క గోడలకంటించే పూల కాగితంతో కవర్లు చేసుకున్నారు, చూడు ఎంత కష్టపడ్డారో పాపం అని కళ్లు తుడుచుకున్నాడు. కష్టపడ్డారా? ఎవరు? ఆ ఇళ్లలో వంట చేసిన మనిషి, పొలంలో పత్తి తీసిన మనిషి రాసిన కవరు ఆ ఆల్బంలో ఒక్కటి చూపించమనండి. ఉండదు, ఎందుకంటే చాలా దక్షిణాది రాష్ట్రాల్లో ఆ బానిసలకి చదువు చెప్పడమే నేరం. అంతెందుకు, టపా సంచి మోసే పని కూడా నల్లవాళ్లకి ఇవ్వొద్దని, 1802లో పోస్ట్‌మాస్టర్ జనరల్ గిడియన్ గ్రేంజర్ ఒక సెనేటరుకి రాశాడు. ఊరూరా తిరిగితే విషయాలు తెలుసుకుంటారు, మనిషి హక్కులకి ఒంటి రంగుతో పని లేదని నేర్చుకుంటారు, తోటివాళ్లకి చెబుతారు అన్నది ఆయన భయం. చట్టం చేశారు. 1865 మార్చి 3 దాకా, అంటే యుద్ధం ఇంచుమించు అయిపోయేదాకా అది తీయలేదు. అరవై మూడేళ్లు, రంగు చూసి సంచి ఇచ్చారు. ఆ తపాలా శాఖ వేసిన స్టాంపు చుట్టూ ఇప్పుడు నలుగురు పెద్దమనుషులు కూర్చుని, ఉత్తరపు వెలుతుర్లో, ఊపిరి బిగబట్టి రంగు చూస్తున్నారు, నన్ను చొక్కా మార్చుకు రమ్మన్నారు! నేను ఈ మాట అక్కడే అన్నాను, కాస్త గట్టిగానే. పెద్దాయన ఆల్బం మూసేశాడు. మూడో ఆయన మొదటిసారి నోరు విప్పి "రోజ్ పింక్" అన్నాడు.

తర్వాత స్టాంపుని నిపుణుల సంఘానికి పంపారు, ఫీజు కట్టి. రోజ్ అని సర్టిఫికెట్ వచ్చింది. మా తోడల్లుడు ఒప్పుకోలేదు, కొత్త దీపం కొన్నాడు, మళ్లీ పంపుతాడట. నిన్న రాత్రి పదకొండింటికి ఫోటో పెట్టి ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, నిజం చెప్పు, నీ ఫోన్లో ఏ రంగులో కనిపిస్తోంది?"

"పసుపు, అన్నయ్యా. నైట్ మోడ్‌లో ఉంది."