మధ్యాహ్నం గదికి తిరిగి రాగలిగే చోటే బస

పిల్లల పరీక్షలు ముగిసిన వారం నుంచే హైదరాబాద్‌లో ఉండేవారికి సొంత ఊళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "నాలుగు రోజులు పిల్లలకు ఊరు చూపిద్దామనుకుంటున్నాం, ఎక్కడ దిగమంటావు?" అని అడుగుతారు. ఆ వెంటనే గది అద్దె ఎంత, ఏసీ ఉంటుందా, పొద్దున టిఫిన్‌ అద్దెలోనే కలిసి వస్తుందా అన్న ప్రశ్నలు వరుసగా వస్తాయి. ఏ ప్రాంతంలో దిగాలన్న ప్రశ్న మాత్రం చాలాసార్లు రానే రాదు, వచ్చినా ఆఖర్న వస్తుంది. ఫోన్‌ యాప్‌లో ఫొటోలు బాగుండి, ధర అందుబాటులో కనిపిస్తే గది ఖాయమైపోతుంది. ఇన్నేళ్లుగా వచ్చిపోయే బంధుమిత్రుల యాత్రలు చూసిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం దీనికి పూర్తిగా విరుద్ధమైనది. ముందు ప్రాంతాన్ని నిర్ణయించుకోవాలి, ఆ తర్వాతే ఆ ప్రాంతంలో దొరికే గదుల్లోంచి ఒకదాన్ని ఎంచుకోవాలి. ప్రాంతాన్ని నిర్ణయించుకోవడానికి ఒకే ఒక ప్రశ్న చాలు. మే నెల ఎండలో మధ్యాహ్నం పన్నెండున్నరకు పిల్లలతో, పెద్దవాళ్లతో గదికి తిరిగి వచ్చి, రెండు గంటలు నడుం వాల్చి, మళ్లీ సాయంత్రం బయలుదేరగలమా?

మూడేళ్ల కిందట మా అక్క కుటుంబం కాకినాడ నుంచి వచ్చింది. అక్క, బావగారు, ఇద్దరు పిల్లలు, అక్క అత్తగారు, మొత్తం ఐదుగురు. గచ్చిబౌలిలో ఒక కొత్త హోటల్‌లో గదులు ముందే తీసుకున్నారు. గదులు నిజంగానే బాగున్నాయి, వంక పెట్టడానికి ఏమీ లేదు. మొదటి రోజు సాలార్‌జంగ్‌ మ్యూజియం, చార్మినార్‌ చూడాలనుకున్నారు. టిఫిన్లు ముగించుకుని పదిన్నరకు కారెక్కారు. మెహదీపట్నం దాటేసరికే పదకొండున్నర అయింది, మ్యూజియం గేటు దగ్గర దిగేసరికి పన్నెండు దాటింది. సంగీత గడియారంలోంచి చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి పన్నెండు సార్లు గంట కొట్టే దృశ్యం కోసమే పిల్లలు వారం రోజులుగా ఎదురుచూశారు. అది అప్పటికే అయిపోయింది. రెండు గంటల పాటు గదులన్నీ తిరిగాక అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి. గదికి వెళ్దామంటే మళ్లీ పదిహేను కిలోమీటర్లకు పైన ప్రయాణం. వెళ్తే సాయంత్రం తిరిగి వచ్చే ఓపిక ఎవరికీ ఉండదు. చేసేది లేక మూడు గంటల ఎండలో చార్మినార్‌కు నడిచారు, గాజుల దుకాణాల ముందు నిలబడే శక్తి కూడా లేక ఆరు గంటలకే వెనుదిరిగారు. సరిగ్గా ఆఫీసులు వదిలే వేళకు దారిలో చిక్కుకుని రాత్రి ఎనిమిదింటికి గది చేరారు. "ఊరు చూసినట్టు లేదు బాబూ, కారు కిటికీ చూసినట్టుంది" అని అక్క అత్తగారు ఆ రాత్రి నాతో ఫోన్‌లో అన్నారు. ఆ హోటల్‌ను తప్పుపట్టలేం. ఆ కుటుంబం చూడదలచుకున్న హైదరాబాద్‌ ఒకచోట ఉంటే, వాళ్లు దిగిన హైదరాబాద్‌ మరోచోట ఉంది.

ఈ దూరం వెనుక ఊరి చరిత్ర ఉంది. హైదరాబాద్‌ ఒకే కేంద్రం చుట్టూ వలయాలుగా పెరిగిన నగరం కాదు. 1591లో మహమ్మద్‌ కులీ కుతుబ్‌షా మూసీ నదికి దక్షిణాన చార్మినార్‌ను కేంద్రంగా చేసుకుని కొత్త ఊరు కట్టించాడు. అందుకే మక్కా మసీదు, లాడ్‌ బజార్‌, చౌమహల్లా ప్యాలెస్‌, సాలార్‌జంగ్‌ మ్యూజియం, కాస్త ముందుకు వెళ్తే జూపార్కు, అన్నీ ఏటికి ఆ ఒడ్డునే ఉన్నాయి. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన బ్రిటిష్‌ సైన్యం విడిది చుట్టూ పెరిగిన ఊరికి 1806లో నిజాం సికందర్‌ జా పేరు మీద సికింద్రాబాద్‌ అని పేరు వచ్చింది. 1998లో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైన తర్వాత పడమటి దిక్కున రాళ్లగుట్టల మధ్య మూడో నగరం లేచింది. చూడవలసినవి ఎక్కువగా మొదటి ఊరిలో ఉంటే, గత పాతికేళ్లలో కట్టిన హోటళ్లు అధిక భాగం మూడో ఊరిలో ఉన్నాయి, ఎందుకంటే అవి కంపెనీల పని మీద వచ్చేవారి కోసం కట్టినవి. బుకింగ్‌ యాప్‌ తెరిచిన ఇంటి పెద్దకు ఈ తేడా కనిపించదు. "నగరం నడిబొడ్డున" అన్న మాట మూడు ఊళ్లలోని హోటళ్లూ రాసుకుంటాయి, ఎవరి నడిబొడ్డు వారిదే.

ఊరు చూడటానికి వచ్చే కుటుంబానికి నేను చెప్పే చోటు నాంపల్లి, అబిడ్స్‌, లక్డీకాపూల్‌ మధ్య ఉన్న ముక్క. ఈ ప్రాంతం చక్కగా మెరిసిపోదు. కానీ పాత ఊరికీ, ట్యాంక్‌బండ్‌కూ, సికింద్రాబాద్‌కూ సరిగ్గా మధ్యలో ఉంటుంది. చార్మినార్‌కు నాలుగైదు కిలోమీటర్లు. పొద్దున ఆరు గంటలకు ఆటో ఎక్కితే పావుగంటలో దిగవచ్చు. ఆ వేళ చార్మినార్‌ చుట్టూ తోపుడుబండ్లు ఇంకా సర్దుకోవు, పావురాలు రోడ్డు మీదే వాలి ఉంటాయి, కట్టడాన్ని నాలుగు వైపుల నుంచీ తల ఎత్తి తీరిగ్గా చూసే వీలుంటుంది. అక్కడే ఇరానీ చాయ్‌ తాగి, ఉస్మానియా బిస్కెట్లు తిని, ఎనిమిదింటికల్లా గదికి వచ్చి స్నానాలు చేయవచ్చు. గచ్చిబౌలిలోనో మియాపూర్‌లోనో దిగినవారికి ఈ రెండు గంటలు దొరకవు.

ఇక నడిచి వెళ్లగలిగినవీ, కొద్దిపాటి ఆటో దూరంలో ఉన్నవీ చాలానే ఉన్నాయి. పబ్లిక్‌ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలలో ఈజిప్టు మమ్మీ ఉంది, పిల్లలు దాని దగ్గర నుంచి ఒక పట్టాన కదలరు. నౌబత్‌ పహాడ్‌ మీద బిర్లా మందిరం, ప్లానెటేరియం, సైన్స్‌ మ్యూజియం ఒకేచోట ఉన్నాయి. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ రాతి భవనం ముందు సాయంత్రం పండ్ల ఐస్‌క్రీం తింటూ కూర్చోవచ్చు. ఆదివారం వచ్చిందంటే అబిడ్స్‌లో మూసి ఉన్న దుకాణాల ముందు ఫుట్‌పాత్‌ల నిండా పాత పుస్తకాలు పరుస్తారు. చదువుకునే పిల్లలున్న కుటుంబమైతే ఆ ఒక్క ఉదయం కోసమైనా యాత్రను ఆదివారం కలిసి వచ్చేలా పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను. శుక్రవారం మాత్రం జాగ్రత్త. సాలార్‌జంగ్‌, చౌమహల్లా రెండింటికీ ఆ రోజే సెలవు. జూపార్కుకు సోమవారం సెలవు.

లక్డీకాపూల్‌, రెడ్‌హిల్స్‌ వైపు లాడ్జీలు ఎక్కువగా ఉండటానికి కారణం పర్యాటకం కాదు. నీలోఫర్‌, ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆస్పత్రి, కొంచెం దూరంలో నిమ్స్‌ ఉండటంతో జిల్లాల నుంచి వైద్యానికి వచ్చే రోగుల కుటుంబాలు ఏళ్ల తరబడి ఇక్కడే దిగుతున్నాయి. వారి అవసరాలకు తగ్గట్టు ఏర్పడిన ప్రాంతం కాబట్టి కారం తక్కువ వేసిన భోజనం, అర్ధరాత్రి మందుల దుకాణం, రోజుల లెక్కన కాక గంటల లెక్కన సాగే బస వంటి సౌకర్యాలు సహజంగానే దొరుకుతాయి. చివరిది చాలా ముఖ్యమైనది. కోస్తా నుంచి రాత్రి రైలెక్కినవారు, ఉదాహరణకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నాంపల్లికి వచ్చేవారు, తెల్లవారేసరికి స్టేషన్‌లో ఉంటారు. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండుకో, రెండింటికో గాని గది ఇవ్వరు. ఇక్కడి లాడ్జీల్లో చాలాచోట్ల ఇరవై నాలుగు గంటల పద్ధతి ఉంది. పొద్దున ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటి దాకా గది మీదే. దీనివల్ల మొదటి రోజు పూర్తిగా మిగులుతుంది.

లోపాలు లేవని అనను. రద్దీ, హారన్ల మోత విపరీతం. కొన్ని లాడ్జీల్లో కిటికీ లేని గదులుంటాయి, కొన్నింట్లో లిఫ్ట్‌ ఉండదు, వేడినీళ్లు పొద్దున ఓ రెండు గంటలు మాత్రమే వస్తాయి. అందుకే డబ్బు కట్టేముందు గది తెరిపించి చూడాలి. కిటికీ తీసి బయటికి ఏం కనిపిస్తుందో చూడాలి, కుళాయి తిప్పాలి, రోడ్డు వైపు కాకుండా వెనక వైపు గది అడగాలి. ఇలా అడగడం మన హక్కు, అడిగితే చూపించని చోట దిగకపోవడమే మంచిది. బాగా పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు స్టేషన్‌కు ఆనుకుని ఉన్న వీధుల కంటే సైఫాబాద్‌ వైపు జరిగితే ఖర్చు కొంత పెరిగినా రాత్రి నిద్ర దక్కుతుంది.

సికింద్రాబాద్‌ రెండో మంచి ఎంపిక. ప్యారడైజ్‌ నుంచి స్టేషన్‌ వరకు గదులకు కొదవ లేదు, జనరల్‌ బజార్‌లో చీరలు, ఉజ్జయిని మహంకాళి ఆలయం నడక దూరంలో ఉంటాయి. ఒక్క విషయం తెలుసుకుని దిగాలి. మెట్రోకు సికింద్రాబాద్‌ ఈస్ట్‌, సికింద్రాబాద్‌ వెస్ట్‌ అని రెండు స్టేషన్లున్నాయి, అవి వేర్వేరు మార్గాలవి. పాత ఊరి వైపు వెళ్లాలంటే వెస్ట్‌లో ఎక్కి ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ దగ్గర దిగాలి. అలాగే 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌ నుంచి ఇప్పుడు అనేక రైళ్లు నడుస్తున్నాయి. అది ఊరికి తూర్పు కొస, మెట్రో అక్కడిదాకా లేదు. టికెట్‌ మీద ఏ స్టేషన్‌ ఉందో చూసుకోకుండా సికింద్రాబాద్‌ అనుకుని గది తీసుకుంటే మొదటి రోజే చిక్కులు మొదలవుతాయి.

గచ్చిబౌలి పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. గోల్కొండ కోట అటు దగ్గర. సొంత కారులో వచ్చి, ఔటర్‌ రింగ్‌ రోడ్డు మీదుగా రామోజీ ఫిల్మ్‌ సిటీకి ఒక రోజు, ముచ్చింతల్‌ సమతా మూర్తికి ఒక పూట, గోల్కొండకు ఒక సాయంత్రం అనుకునే కుటుంబానికి ఆ ప్రాంతం సరైనదే. శంషాబాద్‌ విమానాశ్రయం నుంచి వచ్చేవారికి కూడా అది సులువు. మన యాత్రలో పాత ఊరు ఎంత భాగమన్న దాన్ని బట్టి ఈ నిర్ణయం మారుతుంది. ఫిల్మ్‌ సిటీ ఒక్కటే ప్రధానమైతే విజయవాడ దారిలో ఎల్బీనగర్‌ అన్నింటికంటే మేలు.

ఇక బంధువుల ఇళ్లు. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్‌, దిల్‌సుఖ్‌నగర్‌లలో మనవాళ్లు లేని తెలుగు కుటుంబం అరుదు. "ఇంత దూరం వచ్చి హోటల్లో దిగుతారా" అన్న నిష్ఠూరం ఎంత ప్రేమతో వస్తుందో నాకు తెలుసు, ఆ మాట నేనే ఎన్నోసార్లు అన్నాను. అయినా రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఉద్యోగాలకు వెళ్లే దంపతుల మీద ఐదుగురు నాలుగు రోజులు ఉంటే ఇద్దరికీ ఇబ్బందే. ఇంటావిడ తెల్లవారుజామున లేచి అందరికీ వండి ఆఫీసుకు పరిగెడుతుంది. వచ్చినవాళ్లు ఆమెకు సాయం చేయకుండా కదల్లేక పది దాటాక గాని బయటపడలేరు. మూడు రోజులు ఊరి మధ్యలో గది తీసుకుని, చివరి రోజూ రాత్రీ బంధువుల ఇంట గడపడం అటు మర్యాదకూ ఇటు యాత్రకూ సరిపోతుంది. మియాపూర్‌ నుంచి లక్డీకాపూల్‌, నాంపల్లి మీదుగా ఎల్బీనగర్‌ వరకు 29 కిలోమీటర్ల మెట్రో ఒకే గీతగా ఉంది కాబట్టి చుట్టపుచూపు కష్టం కాదు.

ఖర్చు లెక్క కూడా ఇక్కడే చూడాలి. దూరంగా ఉన్న గది రోజుకు ఐదారు వందలు తక్కువకు వచ్చిందనుకుందాం. ఐదుగురున్న కుటుంబం ఒక ఆటోలో పట్టదు, మామూలు క్యాబ్‌లో కూడా నలుగురికే చోటు. పెద్ద బండి మాట్లాడుకోవాలి, లేదా రెండు బళ్లు కట్టుకోవాలి. రానుపోను ఒక్కసారికే ఆ ఐదారు వందలు హారతి కర్పూరమైపోతాయి. పైగా గదికి మధ్యాహ్నం రాలేము కాబట్టి ఎండలో కూల్‌డ్రింకులకూ, ఏసీ హోటల్లో కూర్చోవడానికీ అయ్యే ఖర్చు వేరు. గది అద్దె, దారి ఖర్చు కలిపి వేసుకున్న మొత్తాన్నే బస ధరగా చూడాలి.

ఈ భారమంతా ప్రయాణికుల తెలివితేటల మీదే వదిలేయడం న్యాయం కాదు. 2017 నవంబరులో మొదలై మూడు మార్గాల్లో దాదాపు 69 కిలోమీటర్లు పరుచుకున్న మెట్రో, జనం ఎక్కువగా చూడటానికి వచ్చే చార్మినార్‌కు మాత్రం చేరలేదు. ఎంజీబీఎస్‌ దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి చాంద్రాయణగుట్ట వరకు పొడిగించే ప్రతిపాదన రెండో దశలో ఉంది. అది పూర్తయ్యే వరకు ఎంజీబీఎస్‌ నుంచి సాలార్‌జంగ్‌, చార్మినార్‌, చౌమహల్లా, జూపార్కు వరుసగా కలిపే చిన్న బస్సులు పది నిమిషాలకొకటి నడపడం ఆర్టీసీకి అసాధ్యమైన పని కాదని నా నమ్మకం. మూసీ వంతెన దాటే దారిలో ముసలివాళ్లు భయం లేకుండా నడవగలిగే ఫుట్‌పాత్‌ వేయడం ఇంకా తేలిక. అవి రెండూ జరిగితే ఏ ప్రాంతంలో దిగినవారికైనా పాత ఊరు అందుబాటులోకి వస్తుంది.

కిందటి వేసవిలో అక్కావాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి లక్డీకాపూల్‌లో వెనక వైపు గదులు తీసుకున్నారు. ఆ గదులు గచ్చిబౌలి గదులంత బాగాలేవు, గోడకు ఒకచోట పెచ్చు కూడా ఊడి ఉంది. పొద్దున పదకొండుకే మ్యూజియం చేరి, గడియారం ముందు బల్ల మీద చోటు పట్టుకున్నారు. పన్నెండు గంటలూ లెక్కపెట్టి, ఒంటిగంటకు గదికి వచ్చి, భోంచేసి పడుకున్నారు. ఐదింటికి నేను వెళ్లి తలుపు తట్టేసరికి అక్క అత్తగారు చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని సిద్ధంగా కూర్చుని ఉన్నారు. "గాజుల బజారుకే కదా, పద" అన్నారు.